ముందు మెయిలు, వెనక ఫోను

“నా పేరు తీసెయ్.”

మొన్నటి నుంచి లక్ష్మీదేవమ్మ కోడలితో అన్న మొదటి మాట అది. అదైనా కోడలి మొహం చూసి అనలేదు. చీర దిగిపోయి బోసిగా ఉన్న మగ్గాన్ని చూస్తూ అన్నది.

పద్మజ చేతిలో కాఫీ గ్లాసు ఉంది. పొద్దున్నే తీసుకురావడం, చల్లారాక తీసుకుపోయి పారబోయడం ఈ ఇంట్లో మొన్నటి నుంచి ఒక పనైపోయింది.

“ముందు తాగత్తా. చల్లారిపోతాది.”

“ఆ కంపూటర్లో నా పేరు పెట్టి పంపేవి ఉండాయి కదా. అన్నిట్లోనూ తీసెయ్. నేను అనని మాట నా పేరుతో ఇంకో ఇంటికి పోకూడదు.”

“తీస్తాలే. నువ్వు తాగు.”

లక్ష్మీదేవమ్మ తాగలేదు. ఆమె ఒడిలో తెల్లగుడ్డ మీద మడతపెట్టిన కుంకుమరంగు చీర ఉంది, దానికి చిలకపచ్చ అంచు. పెనుకొండ పెళ్ళికూతురు వాణి ముహూర్తం చీర. ముహూర్తమే లేకుండా పోయాక అది ఎవరి చీరో చెప్పగలిగినవాళ్ళు లేరు. అమ్ముదామనడానికి ఎవరికీ నోరు రాలేదు, దాచుదామనడానికీ రాలేదు.

గడప దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. ఉదయ్ కుమార్ హిందూపురం నుంచి పొద్దుటి రైలుకే దిగాడు. అక్కడి చీరల అంగడి అతనిది, ఇక్కడి మగ్గాలు తల్లివి, మేడ మీద ల్యాప్‌టాప్ భార్యది. వారానికొకసారి వచ్చే మనిషి వారం మధ్యలో వచ్చాడంటే విషయం అంగడిదాకా పాకిందన్నమాట.

“ఏమ్మా, ఒక మెయిలు పోయినందుకు ఇంతనా? తప్పయింది అని ఇంకో మెయిలు పెడదాం. అయిపోతాది.”

“పెట్టు నాయనా. దానికీ నా పేరే పెట్టు.”

ఉదయ్ తల గోక్కున్నాడు. తల్లి మీదికి పోలేని కోపం భార్య వైపు తిరిగింది. అది ఎప్పుడూ అటే తిరుగుతుంది, ఆ దారి దానికి బాగా అలవాటు.

“మార్చేటప్పుడు అమ్మకు చెప్పలేదా నువ్వు?”

పద్మజ తలెత్తి చూసింది. “మార్చమనింది నువ్వు కదా.”

“మార్చమంటి. చెప్పాకు అంటినా?”

“అమ్మకు చెప్తే ఒప్పుకోదు, గమ్మున మార్చేయ్ అని ఎవరన్నారు మరి?”

ఆ మాటకు లక్ష్మీదేవమ్మ కొడుకు వైపు ఒక్కసారి చూసి మళ్ళీ చీర మీదికి చూపు దించుకుంది. పక్క వీధిలో మరమగ్గాలు టకటకమంటున్నాయి. ఇంట్లో ఎవరూ మాట్లాడకపోతే ఆ చప్పుడు నేరుగా నట్టింట్లోకి వచ్చి కూర్చుంటుంది.

ఈ గొడవకంతా మూలం ఒక వరస. పెళ్ళిచీర ఆర్డరు వచ్చిన దగ్గర్నుంచి అది పెట్టెలో సర్దేదాకా ఏది ముందు, ఏది వెనక అన్నది ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించింది పద్మజే. తెర మీద గడులు, గడికీ గడికీ మధ్య గీతలు. ఆర్డరు రాగానే పెళ్ళికూతురికి ఒక మెయిలు పోతుంది. చీర మగ్గమెక్కగానే ఫొటోతో ఇంకో మెయిలు. నేత ముగింపుకొచ్చాక ఆ పిల్ల పేరు, నంబరు లక్ష్మీదేవమ్మ ఫోనుకు మెసేజ్‌గా వస్తాయి. ఆమె మాట్లాడి, సరే అని తిరిగి పంపుతుంది. అప్పుడు నేతగాడు గంగాధరకు చీర కోసి దించమని కబురు, పెళ్ళికూతురికి లక్ష్మీదేవమ్మ పేరుతో దీవెనల మెయిలు పోతాయి. మనిషి చెయ్యి పెట్టాల్సింది ఆ ఒక్క ఫోను దగ్గరే, మిగతాదంతా దాని పాటికది జరిగిపోతుంది. ‘దాని పాటికది’ అన్న మాట విన్నరోజే లక్ష్మీదేవమ్మ మొహం చిట్లించింది. ఆ చిట్లింపును కొడుకూ చూడలేదు, కోడలూ చూడలేదు.

పద్మజ చేసిందల్లా దీవెనల గడిని పట్టుకుని పైకి లాగి, ఫోను గడిని దాని కిందికి దించడం. కోత, మెయిలు ముందు జరిగిపోతాయి, ఫోను తర్వాత తీరిగ్గా. వేలితో చేసే పని. చేసినప్పుడు ఎంతో తెలివైన పనిలాగే అనిపించింది.

“మరి నేనేం చేసేదమ్మా?” ఉదయ్ గొంతు పెంచాడు. “ఒక్కో పిల్లతో గంటలు గంటలు మాట్లాడతావు. ఆ పిల్ల కాలేజీకి పోయింటే, వచ్చేదాకా కాచుకుంటావు. వాళ్ళమ్మ ఎత్తుకున్నా, నాయన ఎత్తుకున్నా వద్దు, ఆ పిల్లే కావల్ల. ఏముంటాది అంత మాట్లాడేది? ఆడ అంగట్లో నా నెత్తిన కూర్చుంటాండారు, చీర యాడ, చీర యాడ అని!”

లక్ష్మీదేవమ్మ చీర తీసుకుని లేచింది.

“గంగాధరా, దీన్ని బీరువాలో పెట్టు. అంగడికి మాత్రం పోనీయాకు.”

మగ్గం పక్కనే నిలబడి ఉన్న గంగాధర రెండు చేతులతో అందుకున్నాడు. పాపం, కోసింది అతనే. ఫోన్లో ‘కోయొచ్చు’ అని వచ్చింది, కోశాడు. అమ్మ అడిగి ఉంటుందిలే అనుకున్నాడు. అడగలేదని తెలిసినప్పటి నుంచి అతను కూడా ఎవరి మొహమూ చూడటం లేదు.

లక్ష్మీదేవమ్మ పెరట్లోకి వెళ్ళిపోయాక ఉదయ్ భార్యతో అన్నాడు. “ఆ ఫోను స్టెప్పే తీసిపారేయ్. ముందూ వద్దు, వెనకా వద్దు. తలనొప్పే ఉండదు.”

“అది ఆమెకు ఒక్కటే ఉండాది.”

“ఏమి?”

“మనుషులతో మాట్లాడే పని.”

“నీకెందుకు అవన్నీ? చెప్పింది చెయ్.”

మధ్యాహ్నం రైలుకే తిరిగి వెళ్ళిపోయాడు. తిన్నావా అని అడగలేదు. అలా అడగకపోవడం కొత్తేమీ కాదు కాబట్టి పద్మజకు కొత్తగా బాధేమీ వేయలేదు. పాత బాధే ఇంకాస్త బరువెక్కింది.

ఆమె పుట్టిల్లు మడకశిర. అక్కడ ఇంట్లో సగం మాటలు కన్నడంలో నడుస్తాయి. ధర్మవరం వచ్చిన కొత్తలో సంతోషం వచ్చినా ఏడుపు వచ్చినా కన్నడమే నాలుక మీదికి వచ్చేది, మింగేసేది. తర్వాత తర్వాత సంతోషాన్నీ ఏడుపునూ కూడా మింగడం వచ్చేసింది. అత్త చెడ్డది కాదు. కానీ ఆమె ముచ్చట్లన్నీ పెరట్లో తలుపు మూసుకుని, ఊరూరి పెళ్ళికూతుళ్ళతో. తలుపు ఇవతల నిలబడితే ఎప్పుడన్నా నవ్వు వినిపించేది. ఆ నవ్వు తనవైపు రాలేదని పద్మజకు కొంచెం కోపం ఉండేది. ఆ గడిని కిందికి దించినప్పుడు ఆ కోపం వేలి చివర ఉందా లేదా అంటే, ఉంది.

* * *

మర్నాడు ఎవరికీ చెప్పకుండా పెనుకొండ రైలెక్కింది. ఉదయ్ ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. సంచిలో వేసేసింది.

కొండ కింది వీధిలో ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. పెళ్ళి చెడిన ఇల్లు అడిగితే ఊళ్ళో ఎవరైనా చూపిస్తారు. వసారాలో వాణి మేనత్త వెంకటక్క చింతపండు గింజలు తీస్తోంది. తల్లి లేని పిల్లను పెంచింది ఆమే.

“ఎవరమ్మా నువ్వు?”

“ధర్మవరం నుంచి వచ్చినక్కా. చీర…”

వెంకటక్క చేతులు ఆగిపోయాయి.

“దీవెనలు పంపితిరి, ఫోను చేస్తిరి. ఇప్పుడు మనిషినే పంపినారా?”

“ఎవరూ పంపలేదక్కా. తప్పు నాది, మా అత్తది కాదు. ఆ మెయిలు పోయేది ఆమెకు తెలీదు.”

“ఎవరిదైతే నాకేం? లగ్నపత్రిక రాసేదానికి ఇంటినిండా మంది కూర్చోనుండారు. మగపెండ్లోల్లు, అయ్యవారు, వీధి వీధంతా. అంతమందిలో లేసి నిలబడి, నాకీ పెండ్లి వద్దు అనె ఈ పిల్ల. మా అన్న ఆ పొద్దు నుంచి గడప దాటలేదు. మర్నాడే మీ అత్త ఫోను. పెండ్లికూతురికి ఇయ్యమ్మా, ఒక మాట అడగల్ల అంటాది! నాకెట్లుంటాదో చెప్పు. నోటికొచ్చినట్ల తిడితి.”

“తిట్టాల్సిందే అక్కా.”

ఎదుటి మనిషే తప్పు ఒప్పేసుకుంటే ఇంక తిట్టడానికి ఏముంటుంది? వెంకటక్క ఒక గింజ తీసి పక్కన వేసింది. తర్వాత గడ్డంతో లోపలి గది చూపించింది.

“ఆడ ఉండాది. మాట్లాడితే మాట్లాడు. మేం మాట్లాడేది మానేసినాం.”

వాణి కిటికీ దగ్గర కూర్చుని ఉంది. పక్కన అన్నం పళ్ళెం, ముట్టుకున్నట్టు లేదు. పద్మజ తను ఎవరో చెప్పింది. చెప్పి, ఏడుస్తుందేమో, కసురుతుందేమో అని చూసింది. ఆ పిల్ల రెండూ చేయలేదు.

“మీ అత్త ఫోను చేస్తాదని చూస్తా ఉంటినక్కా.”

“ఎందుకు?”

“అడుగుతాదని.”

“ఏమడుగుతాదని?”

వాణి ఆమెను వింతగా చూసింది. “ఆ ఇంటి కోడలివి, నీకు తెలీదా? మా పెద్దమ్మ కూతురి చీర మీ ఇంట్లోనే నేసినారు. కోసేముందు ఆ అవ్వ ఫోన్ చేసి, పక్కన ఎవరూ లేకుండా పక్కకు రమ్మని అడిగిందంట. ఈ పెండ్లి నీకు ఇష్టమేనా తల్లీ, అని. ఇష్టమే అంటేనే చీర కోసేదంట. వద్దంటే, దారం తెగిందనో మగ్గం చెడిందనో ఏదో ఒకటి చెప్పి నాలుగు దినాలు జరుపుతాదంట. ఆలోగా పెద్దోల్లకు నయాన చెప్పి చూస్తాదంట. ఎందరికో అట్ల చెప్పిందంట. మా అక్క నవ్వి, ఇష్టమే అవ్వా అనింది.”

పెరట్లో మూసిన తలుపు అవతల అన్నేళ్ళుగా జరుగుతున్నది అదా? గంటలు గంటలు ఎందుకు పడుతుందో ఇప్పుడు తెలిసింది. ఏ పిల్ల మాత్రం ఆ ప్రశ్నకు వెంటనే జవాబు చెబుతుంది?

“మా ఇంట్లో నన్ను ఎవరూ అడగలేదక్కా,” వాణి అంది. “నేనుగా నోరు తెరిచే ధైర్యం లేదు. అడిగితే చెప్దామని ఆశ పెట్టుకుంటి. ఫోను రాలే, మెయిలు వచ్చె. తల్లీ, నీ చీర మగ్గం దిగింది, చల్లగా కాపురం చేసుకో అని. ఈ యమ్మ కూడా అడగలేదే అని ఏడుపొచ్చె. అయినా జవాబు రాస్తి. నాకు ఇష్టం లేదవ్వా, ఏదన్నా చెయ్ అని. ఎవరూ పలకలే.”

ఎవరు పలుకుతారు? ఆ మెయిళ్ళకు వచ్చే జవాబులు ఎవరూ తెరవని పెట్టెలోకి పోయేలా ఏర్పాటు చేసింది పద్మజే. అందరూ అలాగే చేస్తారని ఎక్కడో చూసి చేసింది.

“లగ్నపత్రిక రోజు రానే వచ్చె, ఇంక అడిగేవాళ్ళు లేరని తెలిసిపాయ. లేసి చెప్పేస్తి. అట్ల చెప్పకుండా ఉండాల్సింది. నాయన తలకాయ వంచుకునె.”

“వాణీ, తప్పంతా నాది.”

“నీ మీద కోపం లేదక్కా. ఆ పొద్దు నుంచి నాతో ఇంతసేపు మాట్లాడింది నువ్వే.”

పద్మజ ఆ పిల్ల పక్కన కూర్చుని అన్నం కలిపి ముద్ద చేసి చేతిలో పెట్టింది. తనింట్లో చల్లారిపోయే కాఫీ గుర్తొచ్చింది. రెండిళ్ళలోనూ అన్నం పెట్టేవాళ్ళున్నారు, పలకరించేవాళ్ళే లేరు. ఇదంతా తన చేతుల మీదే జరిగింది.

బయల్దేరుతుంటే వాణి అడిగింది. “ఆ అవ్వ మళ్ళీ ఫోను చేస్తాదా?”

“చేస్తాది,” అనేసింది పద్మజ. చేస్తుందో లేదో తనకేం తెలుసు?

* * *

ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. లక్ష్మీదేవమ్మ పెరట్లో అరుగు మీద కూర్చుని ఉంది. చేతిలో ఫోను ఉంది కానీ ఎవరికీ చేయడం లేదు.

“పెనుకొండ పోయొచ్చినత్తా.”

అత్త ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

“నువ్వు అడిగే మాట నాకు తెలీదు. ఎప్పుడూ చెప్పలేదు నువ్వు. నేనూ అడగలేదు. ఆ పిల్ల నీ ఫోను కోసం కాచుకొని ఉండెనంట. ఇప్పటికీ కాచుకొనే ఉండాది. మేనత్త నంబరుకు చేయాకు, ఇది ఆ పిల్లది.”

లక్ష్మీదేవమ్మ చెయ్యి చాపింది. కోడలి ఫోను తీసుకుని, నంబరు చూసి, ఒక్కో అంకె తన ఫోన్లో నొక్కుకుంది. లేచి, పెరటి తలుపు మూసుకుంది. కోడలితో ఒక్క మాట కూడా అనకుండానే.

మూసిన తలుపు చూస్తూ పద్మజ కాసేపు నిలబడింది. ఈసారి కోపం రాలేదు. ఒంటరిగా అనిపించింది, అంతే. ఊరూరి పిల్లలకు తెరుచుకునే మనిషి, తనకు మాత్రం తలుపు.

మేడెక్కి ల్యాప్‌టాప్ తెరిచింది. గడులన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఫోను గడిని పట్టుకుని పైకి తెచ్చింది. దీవెనల గడిని కిందికి దించింది. ఆ రెంటి మధ్య ఒక అడ్డు పెట్టింది: ఫోను అయి, అత్త నుంచి సరే అని రాకపోతే కింది గడి ఒక్కటీ కదలదు, ఎన్నాళ్ళయినా సరే. జవాబులు పోయే పెట్టెను మార్చి, తన ఫోనులోకి వచ్చేలా పెట్టింది. అత్త తీసెయ్యమన్న పేరును తీసేసింది. దీవెనల కింద ఖాళీ వదిలింది. అక్కడ ఏ పేరు రాయాలో తోచలేదు.

ఇంత మార్చాక, కొత్త వరస సరిగ్గా నడుస్తుందో లేదో ఒకసారి చూసుకోవాలి. దానికి ఉత్తుత్తి పెళ్ళికూతురు ఒకరు కావాలి. ఎవరి పేరు పెడుతుంది? పద్మజ, మడకశిర అని కొట్టి, కొరియర్ వాళ్ళకోసం పెట్టుకున్న రెండో ఫోను నంబరు ఇచ్చింది. నొక్కింది. చీర మగ్గమెక్కిందని మెయిలొచ్చింది. ఫోను గడి దగ్గర ఆగింది. బాగానే ఉంది. అత్తకు పోయిన మెసేజ్ ఉత్తుత్తిదని కిందికి వెళ్ళి చెప్పాలనుకుంటూ లేవబోయింది.

రెండో ఫోను మోగింది.

“మడకశిర పద్మజేనా తల్లీ?”

గొంతు చెవిలోనూ వినిపించింది, కింద పెరట్లో నుంచీ వినిపించింది. అత్త గొంతు ఇంత మెత్తగా ఉంటుందని ఆమెకు తెలియదు.

“అత్తా, అది టెస్టుకు…”

“పక్కన ఎవరన్నా ఉండారా? ఉంటే పక్కకు రా.”

పద్మజ గది నలువైపులా చూసింది.

“ఎవరూ లేరు.”

“వాణితో మాట్లాడినా. బాగానే మాట్లాడింది. వాళ్ళ నాయనతో రేపు నేనే పోయి మాట్లాడతా.” కొంచెం ఆగింది. “నీ పేరు వచ్చె ఫోన్లో. చూసి శానాసేపు కూర్చుంటి.”

“తెలీక పెట్టినత్తా. తీసేస్తా.”

“తీయాకు. నీ చీర కూడా ఈ ఇంట్లోనే నేసింది. కోసేటప్పుడు గంగాధర అడిగె, పిల్లతో మాట్లాడితివా అమ్మా అని. మాట్లాడినాలే, కోయ్ అంటి. అబద్ధం. ఊర్లో పిల్లలందరినీ అడిగేదాన్ని, నా ఇంటికొచ్చే పిల్లను అడగలేదు. నా కొడుకు కదా. కాదంటావేమో అని భయపడితి. అప్పటినుంచి నీ మొహం చూసి మాట్లాడాలంటే నాకు కష్టం.”

పద్మజ కుర్చీలో కూర్చుండిపోయింది. ఇన్నేళ్ళూ అత్తకు తనంటే గిట్టదనుకుంది.

“ఇప్పుడడిగి ఏం లాభం అంటావేమో. అయినా అడుగుతాండా. భయపడాకు, ఎవరికీ చెప్పను. ఈ పెండ్లి నీకు ఇష్టమేనా తల్లీ?”

పద్మజ నోరు తెరిచింది. అవును అంటే చాలు. వాణి అక్కలా నవ్వుతూ అనేస్తే సరిపోతుంది. వారానికొకసారి వచ్చి తిన్నావా అని అడగని మనిషి గుర్తొచ్చాడు. అతను మంచివాడో కాదో కూడా ఎప్పుడూ ఆలోచించలేదు. ఎవరూ అడగని మాట తనను తానైనా అడగలేదు. కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

“చెప్పు తల్లీ. తొందరేం లేదు.”

కింద గడప దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. పొద్దుటి నుంచీ ఫోను ఎత్తలేదని కాబోలు, హిందూపురం నుంచి ఉదయ్ వచ్చేశాడు. అతని మాట పెరట్లో వినిపించింది, ఆమె చెవిలోనూ వినిపించింది.

“మళ్ళీ ఫోనేనా అమ్మా? ఎవరితో?”

లక్ష్మీదేవమ్మ ఫోను పెట్టేయలేదు.

“ఒక పెండ్లికూతురితో లేరా. నువ్వు గమ్మున కూర్చో. ఆ పిల్ల ఇంకా జవాబు చెప్పలేదు.”